గంగను కావేరికి తెస్తానన్న కంకిపాడు ఇంజనీరు: ఇంద్రావతి దగ్గర ఆయన లెక్క

ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లా బార్సూర్‌లో ఒక పాత తెలుగు శాసనం బయటపడింది. 1060 నాటిది. నాగవంశపు రాజుకు సామంతుడిగా ఉన్న చంద్రాదిత్యుడనే తెలుగు చోడుడు ఆ ఊళ్లో శివుడికి గుడి కట్టించాడని, చెరువు తవ్వించాడని అందులో ఉంది. ఊరి చెరువు నీళ్లు ఊరికే అందాయి. బార్సూర్‌కు కొద్ది దూరంలోనే ఇంద్రావతి పారుతోంది. చంద్రాదిత్యుడి జోలికి పోని ఆ నదిలో 148 టీఎంసీల నీళ్లు ఎవరివన్న తగాదా ఇప్పుడు ఢిల్లీ ఫైళ్లలో నలుగుతోంది.

కేంద్రం పరిశీలిస్తున్న గోదావరి–కావేరి అనుసంధానానికి ఆధారం ఆ నీళ్లే. తెలంగాణలోని ఇచ్చంపల్లి దగ్గర గోదావరి నుంచి తీసి, నాగార్జునసాగర్ మీదుగా పెన్నా మీది సోమశిలకు, అక్కడి నుంచి తమిళనాడులోని కావేరి గ్రాండ్ ఆనికట్‌కు తీసుకుపోవాలన్నది ప్రతిపాదన. జాతీయ జల అభివృద్ధి సంస్థ మొదట 247 టీఎంసీలు అంది. తర్వాత సుమారు 148కి తగ్గించింది. ఈ 148 ఎక్కడివంటే, ఇంద్రావతి ఉపబేసిన్‌లో ఛత్తీస్‌గఢ్‌కు దక్కిన వాటాలో ఆ రాష్ట్రం ఇంతవరకు వాడుకోనివి. వాడుకోలేదు కాబట్టి మిగిలినట్టే, మిగిలాయి కాబట్టి తీసుకుపోవచ్చు అన్నది దాని వెనకున్న తర్కం.

ఆ తర్కానికి దేశంలో అందరికంటే గట్టి గొంతు ఇచ్చినవాడు కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన తెలుగు ఇంజనీరు, డాక్టర్ కానూరి లక్ష్మణరావు. తెలుగువాళ్లకు ఆయన కె.ఎల్. రావు. పులిచింతల జలాశయానికి ఆయన పేరే పెట్టారు. విజయవాడలో ఒక పేట కూడా ఆయన పేరు మీద ఉంది. ఇంద్రావతి మీద ఆయన ఏ కాలువా గీయలేదు. ఆయన గీసిన గంగా–కావేరి కాలువ దంతెవాడ మీదుగా పోయేదీ కాదు. అయినా ఆ నది ఇవాళ ఎందుకు అంకెగా మారిందో తెలియాలంటే ఆయన జీవితాన్ని ఒకసారి చూడాలి.

కంకిపాడు నుంచి బర్మింగ్‌హామ్

1902 జులై 15న ఒక మధ్యతరగతి కుటుంబంలో ఆయన పుట్టారు. తండ్రి ఊళ్లో వకీలు. కొడుక్కి తొమ్మిదేళ్లప్పుడు తండ్రి పోయాడు. బడిలో ఆడుకుంటుండగా తగిలిన దెబ్బకు లక్ష్మణరావుకు ఒక కంటి చూపు పోయింది. విజయవాడలో హైస్కూలు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియెట్, గిండీలో ఇంజనీరింగ్. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ పట్టా పొందిన మొదటి విద్యార్థి ఆయనే. రంగూన్‌లో కొంతకాలం పాఠాలు చెప్పారు. ఇంగ్లండ్ వెళ్లి 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. అక్కడే కొన్నాళ్లు అధ్యాపకుడిగా ఉండి, రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు మీద పుస్తకం రాశారు.

ఆయన పెరిగిన నేల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. కంకిపాడు కృష్ణా డెల్టాలో ఊరు. 19వ శతాబ్దం మధ్యలో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టాక ఆ డెల్టా రూపురేఖలే మారిపోయాయి. కాలువ పారిన చోట వరి, బియ్యం మిల్లు, కాలేజీ చదువు, పట్నంలో ఉద్యోగం. పారని చోట మెట్ట, అప్పు, వలస. ఈ తేడా డెల్టా పిల్లలకు కళ్లెదుటే కనిపించేది. నీళ్లు సముద్రంలోకి పోతుంటే ఊరుకోవడం పాపమన్న భావన ఆ నేల మీద పుట్టినవాడికి పుస్తకం చదివి రావాల్సిన పని లేదు. గోదావరి డెల్టాలో కాటన్ దొరకు ఇప్పటికీ దండలు వేస్తున్నారంటే కారణం అదే.

అదే కారణంతో నది అనగానే ఆనకట్ట దిగువన పచ్చబడ్డ పొలం గుర్తొస్తుంది కానీ, పైన కొండల్లో ఆ నీళ్లు పుట్టే చోట ఎవరున్నారన్నది గుర్తు రాదు. డెల్టా చూపులోని ఈ లోటు కె.ఎల్. రావు ఒక్కరిదే కాదు. ఆయన హోదా వల్ల దాని ప్రభావం మాత్రం దేశమంతా పాకింది.

ఢిల్లీలో డిజైన్ల గది

స్వదేశానికి తిరిగొచ్చి మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా చేశారు. 1950లో ఢిల్లీ చేరి కేంద్ర జల విద్యుత్ కమిషన్‌లో డిజైన్ల విభాగం డైరెక్టరయ్యారు. 1954లో చీఫ్ ఇంజనీరు. భాఖ్రా, హీరాకుడ్, చంబల్, కోసీ, నాగార్జునసాగర్ నడుస్తున్న రోజులవి. దేశంలో ఆనకట్టల లెక్కలన్నీ కలుస్తున్న ఆఫీసులో ఒక తెలుగు ఇంజనీరు ఉన్నాడు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. కాంక్రీటుతో కాకుండా రాతితో కట్టడంతో వేలమంది కూలీలకు ఏళ్ల తరబడి పని దొరికింది. రాతి కట్టడాల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటిగా అది నిలిచింది. కాలువల కింద పల్నాడు, నల్గొండ మెట్టలకు నీరొచ్చింది. విజయపురి లోయ, అందులోని ఊళ్లు, అక్కడి చెంచులు, లంబాడీల భూములు జలాశయం అడుగుకు పోయాయి. నాగార్జునకొండ శిథిలాలను జాగ్రత్తగా విప్పి పైకి తరలించారు. మనుషుల తరలింపు అంత జాగ్రత్తగా సాగలేదు.

కోసీ కథ ఇంకాస్త ఆగి చూడదగ్గది. బీహార్‌లో 1953, 1954 వరదల తర్వాత, కోసీకి రెండు వైపులా కరకట్టలు పోయొచ్చా అన్న ప్రశ్న వచ్చింది. నది మోసుకొచ్చే ఇసుక వల్ల అడుగు పైకి లేస్తుందని, కట్టలు నిలవవని పాత ఇంజనీర్లు భయపడ్డారు. చైనా పచ్చ నది మీద కరకట్టలు ఎలా పని చేస్తున్నాయో చూసి రమ్మని ప్రభుత్వం 1954లో ఇద్దరిని పంపింది. ఒకరు కన్వర్ సేన్, రెండోవారు కె.ఎల్. రావు. తిరిగొచ్చి ఇచ్చిన నివేదికతో కట్టలకు దారి సుగమమైంది. 1955లో పని మొదలైంది. రెండు కట్టల మధ్య మూడు వందలకు పైగా గ్రామాలు చిక్కుకుపోయాయి. బయటివారిని వరద నుంచి కాపాడేందుకు కట్టిన గోడ, లోపలివారికి ఏటా వరదను ఖాయం చేసింది. 2008 ఆగస్టులో నేపాల్‌లోని కుసహా దగ్గర కట్ట తెగి లక్షల మంది నిరాశ్రయులయ్యారు. కట్టలకు కారణం ఆ ఇద్దరే అనడం అన్యాయమే. ఆనాటి రాజకీయ ఒత్తిడికి శాస్త్రం పేరుతో ముద్ర కావాల్సి వచ్చింది, అది వాళ్లిచ్చారు. గీత గీసేటప్పుడు లోపల పడేవారి గురించి ఎవరూ అడగని అలవాటు మాత్రం అక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మంత్రి

1962లో విజయవాడ నుంచి కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు గెలిచారు. 1977 వరకు వరుసగా మూడుసార్లు ఆయనే ఎంపీ. 1963లో పద్మభూషణ్ వచ్చింది. అదే ఏడాది జులైలో నెహ్రూ ఆయన్ను నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రిని చేశారు. నెహ్రూ పోయినా, శాస్త్రి పోయినా, ఇందిర వచ్చినా దాదాపు పదేళ్లు ఆ శాఖలోనే ఉన్నారు. ఒక నిపుణుడు తన సొంత శాఖకే మంత్రిగా అంతకాలం సాగడం మన రాజకీయాల్లో అరుదు. తర్వాత 1978లో తన జ్ఞాపకాల పుస్తకానికి ఆయన పెట్టుకున్న పేరు ది క్యూసెక్స్ కాండిడేట్. సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం ఒక క్యూసెక్కు. నీటి కొలతనే తన చిరునామాగా చెప్పుకున్న రాజకీయ నాయకుడు బహుశా ఆయనొక్కడే.

ఆ పదేళ్లలో ఆయన ఎదుర్కొన్న అసలు చిక్కు ఇంజనీరింగ్ కాదు, రాష్ట్రాలు. రాజ్యాంగంలో నీరు రాష్ట్రాల జాబితాలో ఉంది. అంతర్రాష్ట్ర నదుల మీద కేంద్రానికి అధికారం ఉన్నా, దాన్ని వాడే ధైర్యం ఏ ప్రభుత్వమూ చేయలేదు. కృష్ణా నీళ్ల కోసం మహారాష్ట్ర, మైసూరు, ఆంధ్రప్రదేశ్ కొట్లాడుకున్నాయి. నర్మద మీద గుజరాత్, మధ్యప్రదేశ్ పట్టు విడవలేదు. ఆంధ్రుడైన మంత్రి కృష్ణా తగాదాను తేల్చబోతే ఏ రాష్ట్రం నమ్ముతుంది? 1969 ఏప్రిల్‌లో కృష్ణా, గోదావరి రెండింటికీ జస్టిస్ బచావత్ అధ్యక్షతన ట్రిబ్యునళ్లు వేశారు. నది ఇంజనీరు చేతిలోంచి న్యాయమూర్తి చేతిలోకి వెళ్లింది.

ట్రిబ్యునల్ పద్ధతికి ఒక తత్వం ఉంది. నూరేళ్లలో 75 ఏళ్లు కచ్చితంగా దొరికే నీరెంతో ముందు లెక్క కడతారు. అప్పటికే ఎవరు ఎంత వాడుకుంటున్నారో చూసి దానికి రక్షణ ఇస్తారు. ఆ తర్వాత మిగిలింది పంచుతారు. దీనివల్ల ముందుగా ఆనకట్ట కట్టినవాడిదే పైచేయి అవుతుంది. వెనకబడ్డ ప్రాంతం కాగితం మీద వాటా తెచ్చుకున్నా, కాంక్రీటు పోసేదాకా ఆ వాటాకు పూచీ లేదు. వాడుకో, లేదంటే పోగొట్టుకో. ఈ మాట చట్టంలో ఎక్కడా రాసి లేదు, నడిచేది మాత్రం ఇదే.

60 వేల క్యూసెక్కుల కల

1965, 66 సంవత్సరాల్లో వరుసగా వానలు లేవు. బీహార్‌లో కరువు. అమెరికా గోధుమ ఓడల కోసం దేశం ఎదురు చూసింది. 1972లో మళ్లీ కరువు, ఈసారి మహారాష్ట్రలో మరీ ఘోరంగా. ఒకవైపు గంగ వరదలో ఊళ్లు కొట్టుకుపోతుంటే మరోవైపు దక్కనులో బావులు ఎండిపోయాయి. ఈ నేపథ్యంలో 1972లో కె.ఎల్. రావు తన జాతీయ జల గ్రిడ్ ప్రణాళికను ముందుకు తెచ్చారు. అందులో ముఖ్యమైనది గంగా–కావేరి కాలువ.

పొడవు 2,640 కిలోమీటర్లు. పాట్నా దగ్గర గంగ వరద నుంచి ఏడాదికి 150 రోజులపాటు 60 వేల క్యూసెక్కులు తీయాలి. 10 వేలు గంగా బేసిన్‌లోనే వాడాలి. మిగతా 50 వేల క్యూసెక్కులను 549 మీటర్ల ఎత్తుకు పంపులతో ఎత్తి వింధ్య దాటించి నర్మద, గోదావరి, కృష్ణా, పెన్నా బేసిన్ల మీదుగా కావేరి దాకా దించాలి. 50 వేల క్యూసెక్కులంటే రోజుకు నాలుగు టీఎంసీలకు పైగా, 150 రోజులకు దాదాపు 650 టీఎంసీలు. కొత్తగా 40 లక్షల హెక్టార్లకు సాగునీరు. బ్రహ్మపుత్రను గంగకు, మహానదిని దక్షిణానికి, నర్మదను రాజస్థాన్‌కు, పడమటి కనుమల నదులను తూర్పుకు కలిపే మరికొన్ని కాలువలూ ఈ పథకంలో ఉన్నాయి. ఆయన వేసిన ఖర్చు 12,500 కోట్ల రూపాయలు.

అంత నీటిని అంత ఎత్తుకు ఎత్తాలంటే 5 వేల నుంచి 7 వేల మెగావాట్ల కరెంటు కావాలి. అప్పటి దేశపు విద్యుత్ సామర్థ్యంలో అది సుమారు మూడో వంతు. బొగ్గు కాల్చి ఒక నదిని కొండెక్కించడమన్నమాట. కరెంటు గ్రిడ్ మాదిరి నీళ్లకూ గ్రిడ్ అన్న పోలిక వినడానికి బాగుంటుంది కానీ, తీగలో కరెంటు ఎటైనా పోతుంది, నీరు పల్లానికే పోతుంది. పైగా గంగలో వరద, దక్షిణాన వానలు దాదాపు ఒకే నెలల్లో వస్తాయి. వచ్చిన నీళ్లను వేసవిదాకా దాచే చోటు వెతకాలి. కేంద్ర జల కమిషన్, అంటే ఆయన ఒకప్పుడు పనిచేసిన ఆఫీసు వారసులే, పథకాన్ని పరిశీలించి ఖర్చును బాగా తక్కువ చేసి చూపారని, భరించడం కుదరదని, దీనివల్ల వరదలు తగ్గవని తేల్చారు. కాలువ మొదలుపెట్టే దశకు చేరనేలేదు.

ఇందులో ఆయన నిజాయితీని శంకించాల్సిన పనిలేదు. పారే మామూలు నీటిని కాదు, వరదను మాత్రమే తీయాలన్నారు. కరువు ప్రాంతాల మీద ఆయనకున్న ఆర్తి నిజమైనది. నది ఏ ఒక్క రాష్ట్రం సొత్తూ కాదని, దేశమంతటిదని ఆయన నమ్మారు. 1975లో రాసిన ఇండియాస్ వాటర్ వెల్త్ పుస్తకం పేరులోనే నీరు సంపద. సంపద వృథా కాకూడదు, పంచాలి. ఆ పంపకంలో రాష్ట్రాలు కనిపించాయి, ఎకరాలు కనిపించాయి, మెగావాట్లు కనిపించాయి. కాలువ పోయే దారిలో, నీళ్లు పుట్టే అడవిలో, జలాశయం నిండే లోయలో ఉండేవారికి మాత్రం ఆ లెక్కలో పద్దు లేదు.

ఇంద్రావతి పంపకం

1973 నాటికి ఆయన మంత్రిపదవి ముగిసింది. గోదావరి పంపకం ఆయన లేకుండానే, ట్రిబ్యునల్ ఎదుట రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందాలతో తెగింది. ఇంద్రావతి కథ అక్కడే మలుపు తిరిగింది.

ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, జగదల్‌పూర్ పక్క నుంచి చిత్రకోట్ దగ్గర దూకి, బార్సూర్ దాటి, అబూజ్‌మడ్ అంచున పోయి, బీజాపూర్ జిల్లా భద్రకాళి దగ్గర ఆ నది గోదావరిలో కలుస్తుంది. మొత్తం 535 కిలోమీటర్లు. దంతెవాడ, బీజాపూర్, సుకుమా అప్పట్లో ఒకే బస్తర్ జిల్లా, మధ్యప్రదేశ్‌లో భాగం. 1975 డిసెంబరు ఒప్పందం ప్రకారం ఒడిశా సరిహద్దు దగ్గర ఏడాదికి 45 టీఎంసీలు మధ్యప్రదేశ్‌కు వదలాలి. ఎగువన ఒడిశా కొంత నీటిని మహానది బేసిన్‌కు మళ్లించుకోవడానికి ఒప్పుకున్నారు. 1978 ఆగస్టు ఒప్పందంలో దిగువ గోదావరి నీటిలో మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్‌లకు అదనంగా మూడేసి వందల టీఎంసీల చొప్పున, ఒడిశాకు 200 వచ్చాయి. 1980లో ట్రిబ్యునల్ తుది తీర్పు ఈ ఒప్పందాలకే చట్టబద్ధత ఇచ్చింది.

బస్తర్ గ్రామాల్లో ఎవరినీ ఏ ఒప్పందానికీ పిలవలేదు. వాళ్లకు ఆ సంగతి తెలిసింది సర్వేవాళ్లు వచ్చినప్పుడే. వాటా దక్కించుకున్న రాష్ట్రం దాన్ని వాడి చూపించాలి కదా. ఇంద్రావతి మీద వరసగా పథకాలు పుట్టాయి. బార్సూర్ దగ్గర బోధ్‌ఘాట్, 500 మెగావాట్లు. కింద భోపాలపట్నం. ఇంకా కింద గోదావరి మీద మూడు రాష్ట్రాల ఉమ్మడి ఇచ్చంపల్లి. బోధ్‌ఘాట్‌కు 1979 జనవరిలో మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పు కూడా కుదిరింది. భోపాలపట్నం, ఇచ్చంపల్లిలకు వ్యతిరేకంగా గడ్చిరోలి, బస్తర్ ఆదివాసులు కదిలారు. 1983లో బాబా ఆమ్టే వాటిని ఆపమని ఇందిరకు ఉత్తరం రాశారు. ఆ రెండూ అటకెక్కాయి. బోధ్‌ఘాట్ పనులు మొదలై, అయిదు వేల హెక్టార్లకు పైగా అడవి పోతుందన్న అభ్యంతరంతో నిలిచిపోయాయి.

కె.ఎల్. రావుకు అప్పటికి ఎనభై దాటాయి. కాలం ఆయన ఊహించిన దారినుంచి పక్కకు తిరిగింది. 1977లో కెప్టెన్ దస్తూర్ హారపు కాలువల పథకం తెచ్చారు, అది ఇంకా ఊహాలోకంలోది. 1980లో కేంద్రం జాతీయ దృక్పథ ప్రణాళిక తయారు చేసింది. గంగను కొండెక్కించే పంపులను పక్కనపెట్టి, మహానది నుంచి గోదావరికి, అక్కడి నుంచి కృష్ణా, పెన్నా, కావేరులకు వీలైనంత వాలుగా నీళ్లు పంపే చిన్న చిన్న లింకులుగా దాన్ని విడగొట్టింది. 1982లో ఆ పనికోసం జాతీయ జల అభివృద్ధి సంస్థ పుట్టింది. కాలువ దారి మారింది కానీ, ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికన్న సూత్రం ఆయనదే. గంగ స్థానంలోకి గోదావరి వచ్చింది. గోదావరిలో మిగులు ఎక్కడుందని వెతికితే వేలు ఇంద్రావతి మీద పడింది. ఆయన 1986లో కన్నుమూశారు.

వాడుకుంటే మునక, వాడుకోకపోతే మళ్లింపు

2019 తర్వాత గోదావరి–కావేరి లింకుకు డీపీఆర్ తయారయింది. ఛత్తీస్‌గఢ్ ఒప్పుకోలేదు. ఆ నీళ్లు తమకే కావాలంది. కావాలని ఎలా చూపించడం? 2020లో భూపేశ్ బఘేల్ ప్రభుత్వం బోధ్‌ఘాట్‌ను మళ్లీ బయటికి తీసింది. ఈసారి కరెంటు 125 మెగావాట్లే. ప్రధాన లక్ష్యం దంతెవాడ, బీజాపూర్, సుకుమా జిల్లాల్లో 3.66 లక్షల హెక్టార్లకు సాగునీరు అన్నారు. తర్వాత వచ్చిన విష్ణుదేవ్ సాయి ప్రభుత్వం దానికి ఇంద్రావతి–మహానది లింకును కూడా జోడించి కేంద్రం ముందు పెట్టింది. పార్టీలు మారినా ప్రాజెక్టు మారలేదు.

దంతెవాడ పల్లెలు ఇరుక్కున్నది ఇక్కడే. రాష్ట్రం వాటా నిలబెట్టుకోవాలంటే బోధ్‌ఘాట్ కట్టాలి. కడితే బార్సూర్ చుట్టుపక్కల పదుల సంఖ్యలో గ్రామాలు, వేల హెక్టార్ల పొలం, అడవి మునుగుతాయి. కట్టకపోతే నీళ్లు మిగులు ఖాతాలో పడి ఇచ్చంపల్లి దగ్గర దక్షిణానికి మళ్లుతాయి. రాయ్‌పూర్ వాదనలోనూ, చెన్నై వాదనలోనూ, విజయవాడ, హైదరాబాద్ వాదనల్లోనూ ఆ పల్లెలు లేవు. గ్రామసభను సంప్రదించకుండా భూమి తీసుకోకూడదని 1996 నాటి పెసా చట్టం చెబుతోందంటూ ఆ ఊళ్లవాళ్లు సభలు పెట్టి సర్వేకు వద్దంటున్నారు. మిగులు అని రాసిన నీళ్లతోనే ఇప్పటిదాకా తమ బతుకు సాగుతోందని వాళ్ల వాదన. ఏటి ఒడ్డు వరి, ఇప్పపువ్వు, తునికాకు, చేపలు. వీటికి టీఎంసీల్లో కొలత లేదు. అందుకే వాడకం పట్టికలో ఎక్కవు.

ఎవరి ఊరు ఎక్కడుందో తేల్చడమూ అంత తేలిక కాదు. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక దంతెవాడ, బీజాపూర్, సుకుమాల నుంచి వేల కుటుంబాలు గోదావరి దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చాయి. తెలుగు పల్లెల్లో వాళ్లను గుత్తికోయలంటున్నారు. ఇంద్రావతి ఒడ్డున వదిలొచ్చిన పొలాలకు వాళ్ల పేర ఏ పరిహారపు జాబితాలోనైనా చోటుంటుందా అన్నది అడిగే నాథుడు లేడు. పోలవరం విషయంలో ఇదే జరిగింది. వెనక నీటితో సుకుమా జిల్లా కోంటా మునుగుతుందని ఛత్తీస్‌గఢ్ 2011లో సుప్రీంకోర్టుకెక్కింది. అదే రాష్ట్రం బోధ్‌ఘాట్ దగ్గరికొచ్చేసరికి ముంపు గురించి అంత గట్టిగా మాట్లాడటం లేదు.

తెలుగు రాష్ట్రాల సంగతీ భిన్నం కాదు. ఇచ్చంపల్లి నుంచి తీసుకుపోతే గోదావరి మీద తమ హక్కులకేమవుతుందని తెలంగాణ అడుగుతోంది. పోలవరం నుంచి రాయలసీమ బనకచర్లకు 200 టీఎంసీల వరద నీళ్లు తెస్తామని ఆంధ్రప్రదేశ్ అంది. సముద్రంలోకి పోయే నీళ్లే కదా అన్న మాట అక్కడా వినిపించింది. ఆ మాటకు డెల్టాలో ఎప్పుడూ చప్పట్లు పడతాయి. కె.ఎల్. రావు పేరు మోస్తున్న పులిచింతల దగ్గర కూడా నల్గొండ, గుంటూరు ఊళ్లు మునిగి కృష్ణా డెల్టా స్థిరపడింది. విద్యుత్, నీళ్ల విడుదల మీద రెండు రాష్ట్రాలు ఇప్పటికీ అక్కడ పంచాయితీ పడుతూనే ఉన్నాయి. దాని నిల్వ సామర్థ్యం 45.77 టీఎంసీలు. ఒడిశా సరిహద్దు నుంచి ఏడాది మొత్తానికి బస్తర్‌కు రావాల్సింది 45.

ఆ 45 కూడా వేళకు రావు. సరిహద్దుకు ముందే జోరా నాలా అనే వాగు ఇంద్రావతి నీటిని శబరి వైపు లాక్కుపోతోంది. చెరిసగం పంచేందుకు అక్కడ కట్టిన నిర్మాణాల దగ్గర ఇసుక మేట వేస్తే, బస్తర్ వైపు ధార సన్నబడుతుంది. వానాకాలంలో దిగువన ఉపనదులు కలిసి పోటెత్తే నదిలోనే 148 టీఎంసీల మిగులు ఉందని లెక్క. వేసవిలో జగదల్‌పూర్ దగ్గర అదే నది పాయలుగా విడిపోయి, చిత్రకోట్ జలపాతం ఒకటి రెండు ధారలకు తగ్గిపోతుంది. ఇటీవలి వేసవుల్లో ఆ ఒడ్డు రైతులు ఎండిన పైర్లు చూపించి, ఒడిశా నుంచి తమ వాటా నీళ్లు వదిలించమని రోడ్డెక్కారు.